ఇంటూ గుర్తు పెట్టిన చోట

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న కుర్చీ నా పక్కకు జరుపుకుని, నేను గీసిన పేజీని తెర మీద పెద్దది చేసి చూపించింది. పేజీ నిండా చిన్న చిన్న ఇంటూ గుర్తులు. తప్పులేమైనా దొర్లి కొట్టేశానా అని హిందీలో, మొహమాటపడుతూ అడిగింది.

నోయిడాలో మాది పిల్లలకి బొమ్మల కథలు తయారుచేసే చిన్న స్టూడియో. గీతలు నావి, నలుపులూ రంగులూ ఆ అమ్మాయివి. నల్లగా నింపాల్సిన చోట అలా గుర్తు పెడతానని చెప్పాను. ఒక్కసారి తాకితే నిండిపోతుంది కదా దీదీ, నచ్చకపోతే మళ్ళీ తాకితే పోతుంది, దానికి గుర్తెందుకు అంది. సమాధానం నోటిదాకా వచ్చి, ఎప్పటిలాగే అక్కడే ఆగిపోయింది. నాకు మాటలు ఆలస్యంగా వస్తాయి. ఎక్కువగా ఇంటికెళ్ళి డైరీ తెరిచాక వస్తాయి. ఆ సాయంత్రం క్యాబ్ ఇందిరాపురం మలుపు తిరుగుతుంటే సమాధానానికి బదులు ఒక వాసన గుర్తొచ్చింది. కర్పూరంలాంటి నల్లసిరా, కూలర్‌లో తడిసిన వట్టివేళ్ళు, పెనం మీద మెంతికూర పరాఠా, మూడూ కలిసిన వాసన.

అది ఒక వేసవి సెలవుల వాసన. నేను తొమ్మిదో తరగతిలోకి వస్తున్నాను. మా అమ్మమ్మ ఆ ఏడు మొదటిసారి ఢిల్లీ చూడ్డానికి వచ్చి, చూడకుండా వంటింట్లో కూర్చుంది. బయట లూ గాలి మొహం మీద కొలిమి తలుపు తెరిచినట్టు కొట్టేది. రైల్లో తను ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన ఆవకాయ జాడీల గురించి మాత్రం అపార్టుమెంటు మొత్తానికీ తెలియాలని ఆవిడ కోరిక. కింద గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక తెలుగాయన చాలా ఏళ్ళుగా ఉంటున్నాడని, భార్య మీరట్ వైపు ఆవిడని అమ్మ చెప్పింది. "అయ్యో, అయితే ఆయనకి ఆవకాయ ఎవరు పెడతారే?" అని అమ్మమ్మ వెంటనే ఒక సీసా నింపి నా చేతికిచ్చింది.

నాకు పరాయి ఇంటి తలుపు కొట్టడమంటే చచ్చేంత బిడియం. మెట్లు దిగుతూ చెప్పాల్సిన హిందీ వాక్యం కూడబలుక్కున్నాను. తలుపు తీసినావిడ నన్నూ సీసానూ చూసి, "రా బేటా, లోపలికి రా. మాస్టర్‌జీ, చూడు, ఆవకాయ వచ్చాడు!" అని తెలుగులో కేకేశారు. ఆవిడ తెలుగులో ఆవకాయ వచ్చేవాడు, మాస్టారు వచ్చేది. ముప్పై ఏళ్ళు కాపురం చేసినా ఆ ఒక్కటీ మారలేదని తరవాత మాస్టారే చెప్పారు. మార్చడానికి తనూ పెద్దగా ప్రయత్నించలేదట.

లోపల ముందుగదిలో వాలుగా ఉన్న బల్ల. దాని మీద ఒక పెద్ద తెల్లకాగితం, కాగితం మీద గుర్రం మీంచి పడిపోతున్న సైనికుడు. ఇంకా పూర్తిగా పడలేదు. పడేలోపు పట్టుకోవాలన్నట్టు నేను సీసాతో సహా ముందుకు వంగాను. సీసా మూతనుంచి నూనె కారుతోందని మాస్టారు ముందు గమనించి నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. ఆయన నాతో అన్న మొదటి మాట, "నూనె పడితే సిరా అంటదు తల్లీ."

వాళ్ళిద్దరిదీ ఒకే పని, రెండు ముక్కలు. పాత ఢిల్లీలో బొమ్మల పుస్తకాలు అచ్చేసే ఒక కంపెనీకి ఆయన గీతలు గీసేవారు, ఆవిడ రంగులు వేసేవారు. అక్కడే కలుసుకున్నారు. అప్పట్లో మా మార్కెట్లో కూడా ఒక దుకాణం ఉండేది, తాడుమీద బట్టలు ఆరేసినట్టు పుస్తకాలు వేలాడదీసి రోజు అద్దెకిచ్చేవారు. నేను లెక్కల పుస్తకంలో దాచుకుని చదివినవాటిలో ఎన్నో ఈ ఇంట్లో పుట్టినవని తెలిసి నాకు నోట మాట రాలేదు. అసలే రాదు కాబట్టి ఎవరూ గమనించలేదు.

గీయడం వచ్చా అని మాస్టారు అడిగితే తల అడ్డంగా ఊపాను. అది అబద్ధమని నా చూపుడువేలి మీది పెన్సిలు మసి చెప్పేసింది. ఒక తిన్నని గీత గీయమన్నారు. నేను స్కేలు కోసం చూశాను. ఉన్న ఒక్క స్కేలూ తీసుకెళ్ళి అలమర పైన పెట్టేశారు.

అలా మొదలైంది. అమ్మ వెళ్ళి మాట్లాడింది, నాన్న సెలవుల వరకే అన్నారు, నేను రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే కిందికి పోయేదాన్ని. మొదటి రోజులన్నీ గీతలే. పాళీని నొక్కి మొదలుపెట్టి, సన్నగా వదిలేయాలి, జుట్టు కొసలా. గీత ఎప్పుడూ మనవైపే లాక్కోవాలి, తోయకూడదు. వంపు తిరగాల్సి వస్తే చెయ్యి కాదు, కాగితం తిరగాలి. "నీ చెయ్యికి సుఖంగా ఉండే దిక్కు ఒకటుంటుంది. కాగితాన్నే ఆ దిక్కుకి తెచ్చుకో" అనేవారు మాస్టారు. ఊపిరి బిగబట్టి గీత పూర్తయ్యాక వదలాలి. పొడుగు గీతలు గీసినప్పుడల్లా ఇద్దరం ఈతగాళ్ళలా రొప్పేవాళ్ళం.

ముందుగదిలో గాలి ఆడకూడదు. ఫ్యాను తిరిగితే పాళీ మీద సిరా ఎండిపోతుంది, కూలర్ వేస్తే కాగితం మెత్తబడి గీత చెదిరిపోతుంది. కాబట్టి అన్నీ ఆపి, మెడ చుట్టూ తువ్వాలు కట్టుకుని, అరచేతి కింద రుమాలు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. వెనకగదిలో రంగులు వేసే ఆంటీకి కూలర్ ఉండాల్సిందే. తడి గాలి లేకపోతే రంగు పరుచుకునే లోపే ఆరి మరక కడుతుంది. తలుపు కాస్త తెరుచుకుంటే చాలు, మాస్టారు ముందుగదిలోంచే, "మేడమ్ గారూ, తమరి వర్షాకాలం ఇటొస్తోంది" అనేవారు. "నీ ఎండాకాలం ఇటు రాకుండా చూసుకో మాస్టర్‌జీ" అని ఆవిడ కాలితో తలుపు తోసేవారు. వాళ్ళ పోట్లాటలన్నీ వాతావరణం గురించే.

ఆ తలుపు అవతలికి వెళ్ళాలని నాకు ప్రాణం కొట్టుకునేది. పరాఠా తినే నెపంతో వెళ్ళి నించునేదాన్ని. పింగాణీ గిన్నెల్లో ఎరుపు, నీలం, పసుపు, నీళ్ళలా పారదర్శకంగా ఉండేవి. ఆంటీ కుంచెను పెదాల మధ్య పెట్టి మొన చేసేవారు. నేనూ ఒకసారి ఎవరూ చూడకుండా చేసి చూశాను. ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మమ్మ, "దీని నాలిక నీలంగా ఉందేమిటే, పాము కరిచిందా?" అని నన్ను నోరు తెరిపించి, దీపం కింద తిప్పి చూసింది. నాన్న నేరేడుపళ్ళ కాలం ఇంకా రాలేదే అన్నారు. నేను నోరు మూసుకున్నాను, రెండు విధాలా.

ఒక రోజు ఆంటీ నన్ను దగ్గరికి పిలిచి ఒక రంగుల పేజీ చూపించారు. నాకు నిరాశ కలిగింది. అందులో మనుషులు నీళ్ళలో కరిగిపోతున్నట్టున్నారు, ముక్కూ మొహం తెలియదు. అప్పుడావిడ గాజులా పలచని ఒక ప్లాస్టిక్ ఫిల్ము తీశారు. దాని మీద మాస్టారి నల్లగీతలు మాత్రమే ఉన్నాయి. నాలుగు మూలలా ఉన్న చిన్న ప్లస్ గుర్తులు ఒకదాని మీద ఒకటి కలిసేలా ఫిల్మును రంగుల కాగితం మీద దించారు. గుర్రం కాలు లేచింది. సైనికుడి కళ్ళలో భయం వచ్చింది. నేను మళ్ళీ మళ్ళీ ఎత్తి దించి చూస్తుంటే ఆంటీ నవ్వి, "నీ పేజీ తీసుకురా, నేర్పిస్తాను. కానీ ముందు సిరా పూర్తి కావాలి. కళ్ళు లేని మొహానికి నేను పౌడర్ వెయ్యను" అన్నారు.

ఆ సెలవుల్లో నాకు కావాల్సింది ఇక అదొక్కటే. నాదంటూ ఒక పేజీ, దాని మీద ఆంటీ బల్ల దగ్గర కూర్చుని నేనే వేసిన రంగు. దానికి గడువు కూడా త్వరలోనే తెలిసింది. కంపెనీలో రంగులన్నీ కంప్యూటర్‌లోకి పోయాయి, ఇంటికొచ్చే పని ఆగిపోయింది. స్కూళ్ళు తెరిచేలోపు వాళ్ళు ఫ్లాటు ఖాళీ చేసి పుణెలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. మాస్టారు ఆ సంగతి కాగితం తిప్పుతూ మామూలుగా చెప్పారు. మనవడికి గుర్రాలంటే ఇష్టమట.

పేజీకి కథ ఏమిటని అడిగితే నాకు రాజులూ రాక్షసులూ తోచలేదు. ఆ వారమే అమ్మమ్మా నేనూ లిఫ్టులో ఇరుక్కున్నాం. కరెంటు పోయి, రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. చీకట్లో అమ్మమ్మ నా మణికట్టు పట్టుకుని, బయటున్న లిఫ్టువాడు వినేలా తన ఊరి పేరు, ఇంటిపేరు, అల్లుడి హోదా అన్నీ గట్టిగా చెప్పింది. అదే గడులు గడులుగా గీశాను. అమ్మమ్మను వంటింటి పీట మీద కూర్చోబెట్టి ముక్కు గీస్తుంటే, "అంత పెద్దదేం కాదు, కొంచెం తగ్గించు. మీ తాతయ్య ఎప్పుడూ ఏమీ అనలేదు" అంది. తగ్గించాను. మర్నాడు మాస్టారు చూసి మళ్ళీ పెంచారు.

పెన్సిలు పని అయ్యాక ఆయన నలుపులు పడాల్సిన చోటల్లా చిన్నగా ఇంటూ గుర్తులు పెట్టారు. లిఫ్టు మూల, అమ్మమ్మ జుట్టు, చీర అంచు కింద నీడ. వాళ్ళ పనిలో అది ఆచారం. గీసిన మనిషి గుర్తు పెడతాడు, సిరా వేసే మనిషి కళ్ళు మూసుకుని నింపుతాడు. నలుపు ఎక్కడుండాలో తెలియడానికి ఏళ్ళు పడుతుందని, అంతదాకా గుర్తుల వెంట నడవమని అన్నారు. మూలల్లో ప్లస్ గుర్తులు పెట్టారు. వాలుబల్ల అప్పటికే విప్పేసి గోనెపట్టాలో చుట్టారు, అందుకే కాగితం, సిరా, పాళీ, కుంచె ఇచ్చి ఇంట్లో చేసుకురమ్మన్నారు.

ఆ పేజీని మా భోజనాల బల్ల మీద, నాలుగు స్టీలు గ్లాసులు బరువు పెట్టి ఉంచి నిద్రపోయాను. పొద్దున ఆదివారం. లేచి చూస్తే పేజీ మెరిసిపోతోంది. పక్కన రబ్బరు, ఊడ్చి కుప్పచేసిన రబ్బరు పొట్టు. నాన్న పేపరు పక్కన పెట్టి, చాలా సంతోషంగా, "బాగా గీశావమ్మా. అక్కడక్కడా పిచ్చిగీతలు, ఇంటూలు, ప్లస్సులు ఉండిపోయాయి. అన్నీ నీటుగా తుడిచేశాను" అన్నారు.

మా నాన్న ఆఫీసులో ఫైళ్ళ మీద కూడా ఇంకొకరు వదిలేసిన పెన్సిలు టిక్కులు తుడిచే మనిషి. ఇంట్లో క్యాలెండరు వంకరగా ఉంటే అన్నం సయించదు. ఒక్క గీత చెదరకుండా, ఒక్క గుర్తు మిగలకుండా ఎంత ఓపిగ్గా చేశారో ఆ కాగితం చూస్తేనే తెలుస్తోంది. గ్లాసులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాను. ఏడవలేదు. కానీ నా మొహంలో ఏం కనబడిందో, నాన్న మెల్లిగా కళ్ళజోడు తీశారు. "అవి కావాల్సినవా?" అన్నారు. తలూపాను.

వంటింట్లోంచి అమ్మమ్మ, అల్లుడితో నేరుగా మాట్లాడదు కాబట్టి, అమ్మతో అంటున్నట్టుగా ఇల్లంతా వినబడేలా అంది. "అల్లుడుగారికి శుభ్రం కాస్త ఎక్కువ. నయం, కాగితాన్ని కడిగి ఆరేయలేదు."

నాన్న అప్పటికప్పుడు చెప్పులు వేసుకుని, కిందికెళ్ళి మాస్టారుకి తనే చెప్తానన్నారు. ఆ ఒక్కటీ నాకు నచ్చలేదు. మా నాన్న ఒకరి ముందు చేతులు నలుపుకుంటూ నిలబడటం ఊహించుకోలేకపోయాను. వద్దన్నాను. నేనే వేస్తానన్నాను. అంత గట్టిగా నేను మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు వినలేదు.

మధ్యాహ్నం కిటికీలు మూసి ఫ్యాను ఆపేశాం. ఫ్యాను స్విచ్చి ఆపింది నాన్నే. ఆపి, ఎక్కడికీ పోకుండా ఎదురుగా కూర్చున్నారు, పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని. పేజీ తిప్పితే గాలి వస్తుందని తిప్పలేదు. అమ్మ తువ్వాలు తడిపి నా మెడ మీద వేసింది. అమ్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ, "కరెంటు ఉండీ ఈ ఖర్మేమిటో" అంది, కానీ లేచి పోలేదు.

గీతలు వేయడం కష్టం కాలేదు. కాగితం తిప్పుకుంటూ, ఊపిరి బిగబడుతూ వేసుకుపోయాను. జుట్టు నలుపు గుర్తుంది, చీర నీడ గుర్తుంది. చివరి గడి దగ్గర ఆగిపోయాను. లిఫ్టులో దీపం ఆరిపోయిన గడి అది. మాస్టారు ఏదో మూలలో గుర్తు పెట్టారు. కుడి మూలా, ఎడమ మూలా, ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. తలుచుకున్న కొద్దీ వేరే సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు లిఫ్టులో మూలలు లేనే లేవు. గోడలూ లేవు, అమ్మమ్మ మొహమూ లేదు. ఉన్నదల్లా తలుపు సందులోంచి సన్నటి వెలుగు గీత, దాని మీద అమ్మమ్మ చెయ్యి, నా మణికట్టు.

సిరా వేస్తే వెనక్కి తీయడానికి లేదు. తెల్లరంగు పూసి దిద్దుకోవచ్చు గానీ, ఆ సీసా మూత తెరవాలంటే మాస్టారిని అడగాలని నియమం. కుంచె ముంచి, వెలుగు గీత పక్కన అంచు లాగాను. చెయ్యి చుట్టూ జాగ్రత్తగా అంచు తిప్పాను. ఇక మిగతా గడి అంతా, అమ్మమ్మ ముక్కుతో సహా, నల్లగా నింపేశాను. తడి నలుపు మెరుస్తూ, మెల్లిగా ఆరుతూ మసకబారింది. పాడు చేశానా లేదా అన్నది నాకు తెలియలేదు. ఆంటీ బల్ల దగ్గరికి దారి తెరుచుకుందో, మూసుకుపోయిందో.

నాన్న లేచి వచ్చి చూశారు. చివరి గడి మీదికి వంగి, "అమ్మమ్మ భయపడింది కదూ ఆ రోజు" అన్నారు. ఆ సంగతి అమ్మమ్మ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మర్నాడు అమ్మమ్మ కూడా నాతో కిందికి వచ్చింది, తన బొమ్మ కాబట్టి. డబ్బాల మధ్య స్టూలు మీద కూర్చుని మాస్టారు పేజీ అందుకున్నారు. పై గడులు త్వరగా చూసి చివరి గడి దగ్గర ఆగారు. కాగితం దూరం పెట్టి చూశారు, తలకిందులు చేసి చూశారు.

"నేనిక్కడ మూలలో కదా పెట్టాను గుర్తు?"

నేను అమ్మమ్మ వైపు చూశాను. అమ్మమ్మ అందుకుని, అల్లుడి రబ్బరు సంగతి మొదట్నుంచీ చెప్పింది. వెనకగది గుమ్మంలోంచి ఆంటీ పకపకా నవ్వారు. మాస్టారు నవ్వలేదు. ఆయన ఇంకా ఆ గడినే చూస్తున్నారు.

"మీ నాన్నగారు మంచి పనే చేశారు తల్లీ. నా గుర్తు ఉంటే నువ్వు మూలలోనే ఉండిపోయేదానివి."

అని, పేజీ నాకివ్వకుండా నేరుగా ఆంటీ చేతిలో పెట్టారు. ఆంటీ చూసి, "అరే, ఆఖరి గడిలో నాకేం పని మిగల్చలేదు ఈ పిల్ల" అన్నారు. "ఠీక్ హై. రా, కూర్చో."

కంపెనీలో ఫిల్ము తీసే రోజులు పోయాయి కాబట్టి, మార్కెట్‌లో జిరాక్స్ దుకాణంలో నా పేజీని ప్లాస్టిక్ షీటు మీద ఒకటి, మందపాటి కాగితం మీద బాగా లేతగా ఒకటి తీయించారు. ఇల్లంతా మూటగట్టినా ఆంటీ బల్ల ఇంకా అలాగే ఉంది, కూలర్ కూడా. ఆ మధ్యాహ్నం నేను వర్షాకాలంలో కూర్చున్నాను. లేత రంగు ముందు, ముదురు తరవాత. అట్టను కాస్త వంచి పట్టుకుంటే రంగు ఒక బొట్టులా అంచున నిలుస్తుంది, ఆ బొట్టును కిందికి నడిపించుకుపోవాలి. దాటిన చోటికి మళ్ళీ వెళ్ళకూడదు. నేను వెళ్ళాను, మరక కట్టింది. "పోనీ, అది అమ్మమ్మ చీర మీద పులుసు" అన్నారు ఆంటీ.

చివరి గడిలో వెలుగు గీత ఒక్కటే మిగిలింది. పసుపు గిన్నెలో కుంచె పెట్టబోతే ఆవిడ నా చెయ్యి ఆపి, ఆ రోజు వెలుగు నిజంగా పసుపా అని అడిగారు. మెట్లమీద కిటికీలోంచి వచ్చింది, సాయంత్రం. కొంచెం నారింజ కలిపాను, ఎక్కువ నీళ్ళు కలిపాను. కుంచెను పెదాల మధ్య పెట్టి మొన చేశాను, ఈసారి అందరి ముందే.

రంగుల కాగితం మీద ఆ ప్లాస్టిక్ షీటు దించేటప్పుడు ప్లస్ గుర్తులు లేవు కదా. అవీ నాన్న తుడిచేశారు. లిఫ్టు తలుపు మూలలు ఆనవాలుగా పెట్టుకుని, ఆంటీ ఒక పక్క, మాస్టారు ఒక పక్క పట్టుకుని, కొంచెం ఇటు, ఇంకొంచెం అటు అంటూ జరిపారు. ఒక వెంట్రుకవాసి తేడా ఉండిపోయింది. నారింజ వెలుగు అమ్మమ్మ చేతిని దాటి నా మణికట్టు మీదికి కొద్దిగా పొంగింది. దిద్దుదామా అని ఆంటీ అడిగితే మాస్టారు వద్దన్నారు. అమ్మమ్మ వంగి, తన కళ్ళజోడు తుడిచి చూసి, ముక్కు కనబడకపోవడమే బాగుందంది.

వాళ్ళు వెళ్ళిన రోజు పెద్దగా గుర్తులేదు. వాన పడిందని, లారీ మీద కూలర్ అన్నిటికన్నా పైన కట్టారని మాత్రం డైరీలో ఉంది. ఆ బొమ్మల పుస్తకాల దుకాణం తరవాత మొబైల్ కవర్ల దుకాణమయింది. ఆంటీ ఇప్పటికీ పండగలకి ఫోనులో మాట రికార్డు చేసి పంపిస్తారు. మాస్టారుకి చూపు తగ్గింది, అయినా మాస్టర్‌జీ బాగున్నది, అన్నం తిన్నది అని చెప్తారు.

పేజీ మా ఇంట్లో నాన్న ఫ్రేము కట్టించి, మట్టం చూసే స్పిరిట్ లెవెల్ పెట్టి మరీ మేకు కొట్టి తగిలించారు. ఆ రంగులు వెలుతురుకి నిలవవు. ముందు నారింజ పోయింది, తరవాత అమ్మమ్మ చీర ఆకుపచ్చ, పులుసు మరక కూడా. నలుపు మాత్రం అలాగే ఉంది.

ఇవాళ ఆఫీసులో ఆ అమ్మాయికి ఇవ్వాల్సిన పేజీ పూర్తి చేశాను. ఒక ఏనుగుపిల్ల, అడవి, చీకటి పడబోతున్న వేళ. ఎప్పటిలా గుర్తులన్నీ పెట్టాను. పంపించే ముందు కాసేపు చూసి, రబ్బరు ఎంచుకుని, ఆఖరి గడిలోవి ఒక్కొక్కటే నీటుగా తుడిచేశాను. సాయంత్రం దాకా ఆ అమ్మాయి తెర వైపే చూస్తూ కూర్చుంది. రెండుసార్లు నా వైపు తిరిగింది. నేను నా పని చూసుకుంటున్నట్టు తల వంచుకున్నాను. ఆఖరికి పక్కన తిరుగుతున్న టేబుల్ ఫ్యానుని, ఎందుకో తనకే తెలియనట్టు, ఆపేసి పెన్ను తీసుకుంది.